సరుగుడు పుప్పొడి ఎప్పుడు లేస్తుంది, ఎటు పోతుంది: శ్రీకాకుళం తీరంలో వాతావరణం చూసి లెక్కకట్టే పద్ధతి

రథసప్తమి దాటాక ఉగాది వరకు, మళ్ళీ దసరాకు ముందూ వెనకా కొన్ని వారాలు, ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా ఇసుక నేలల్లోని సరుగుడు తోటలు పూత మీద ఉంటాయి. ఆ రోజుల్లోనే కొందరికి తుమ్ములు, కళ్ళ దురద, రాత్రిపూట పిల్లికూతలు మొదలవుతాయి. నింద మాత్రం మామిడి పూత మీదో జీడి పూత మీదో పడుతుంది. ఆ పూత కంటికి కనిపిస్తుంది, వాసన వేస్తుంది కదా. నిజానికి మామిడి, జీడి పుప్పొడి జిగురుగా ఉంటుంది. ఈగలూ తేనెటీగలూ మోసుకుపోవాల్సిన సరుకు అది, గాలికి లేచి ఊరు దాటేది కాదు. సరుగుడు పూతకు రంగు లేదు, వాసన లేదు, తేనె లేదు. పురుగుతో దానికి పనే లేదు, గాలే దిక్కు. అందుకే పొడిగా, తేలిగ్గా, లెక్కలేనంత పుప్పొడిని గాలికి వదులుతుంది.

ఈ పుప్పొడి ఏ రోజు ఎంత లేస్తుందో, మీ ఊరి వైపు వస్తుందో రాదో మీరే అంచనా కట్టుకునే పద్ధతి ఇక్కడ ఉంది. ఒక నోటు పుస్తకం, రెండు థర్మామీటర్లు, కొన్ని గాజుపలకలు, దగ్గర్లోని డిగ్రీ కాలేజీ ల్యాబులో మైక్రోస్కోపు వాడుకునే వీలు ఉంటే చాలు. ఒక పూతకాలం ఓపిగ్గా రాస్తే మరుసటి ఏటికి పొద్దున్నే చూసి చెప్పేయొచ్చు.

ఒక్క మాట మొదటే పట్టుకోవాలి. వాతావరణం పుప్పొడిని పుట్టించదు. చెట్టు దగ్గర సిద్ధంగా ఉన్నదాన్ని విడిపిస్తుంది, మోస్తుంది, దించుతుంది. విడిపించే వాతావరణం వేరు, మోసేది వేరు, దించేది వేరు. "ఇవాళ గాలి బాగా వీస్తోంది, పుప్పొడి ఎక్కువుంటుంది" అన్న మాట చాలాసార్లు తప్పేది ఇక్కడే. ముందురోజు తడిసిన పూత మీద ఎంత గాలి వీచినా ఏమీ లేవదు. చెట్టును ముందు చూడాలి, ఆకాశాన్ని తర్వాత.

మొదటి పని: పది చెట్లు

ఇంటికి కిలోమీటరు లోపు పది సరుగుడు చెట్లు ఎంచుకోండి. మూడేళ్ళు దాటినవైతే మంచిది, లేత తోటలో పూత తక్కువ. ఒకే వరసలోవి వద్దు. గట్టు మీదవి రెండు, తోట మధ్యవి నాలుగు, సముద్రం వైపు అంచులోవి నాలుగు తీసుకోండి. ఒక్కోదానికి రంగు గుడ్డ పేలిక కట్టి నంబరు వేయండి. సరుగుడులో కొన్ని మగ చెట్లు, కొన్ని ఆడవి, కొన్నింటికి రెండు పూతలూ ఉంటాయి. మగ కంకి ఏదీ లేకుండా చిన్న చిన్న కాయలు మాత్రమే గుత్తులుగా వేలాడే చెట్టు ఆడది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

మగ పూత ఎక్కడుందో కనిపెట్టడానికి మొదట్లో కొంచెం కష్టపడాలి. ఆకుల్లా కనిపించే సన్నటి ఆకుపచ్చ పుల్లల చివర, ఒకటి నుంచి నాలుగు సెంటీమీటర్ల పొడవున, అగ్గిపుల్లంత మందంలో గోధుమరంగు కంకి ఉంటుంది. దగ్గరగా చూస్తే కంకి చుట్టూ వరసలు వరసలుగా చిన్న పొలుసులు, వాటి సందుల్లోంచి బయటికి పొడుచుకొచ్చిన ఎర్రటి తలలు కనిపిస్తాయి. ఒక్కో పువ్వుకు ఒక్కటే కేసరం. ఆ తలే పుప్పొడి తిత్తి.

వారానికి రెండుసార్లు పొద్దున 7 గంటలకు వెళ్ళి మూడు దశల్లో ఏదో రాయండి. కంకి ఆకుపచ్చగా గట్టిగా ఉంటే ఇంకా కాలేదు. ఎర్రటి తలలు బయటికొస్తే సిద్ధం. పొడిబారి, ముట్టుకుంటే నుసిలా రాలితే అయిపోయింది. పది చెట్లలో ఎన్ని సిద్ధమో ఆ అంకె వేయండి. రెండు మూడు దాటకపోతే ఆకాశం ఎలా ఉన్నా ఆ వారం బెంగ లేదు. ఆరు దాటితే అసలు కాలం వచ్చినట్టే.

దానితోపాటు నల్ల కాగితం పరీక్ష చేయండి. నల్ల చార్టు ముక్క కొమ్మ కింద పట్టి, కొమ్మను వేలితో మూడుసార్లు తట్టాలి. పొద్దున 7కు తడితే నల్ల కాగితం మీద ఏమీ పడదు, పడినా ఒకటి రెండు పొలుసులు. అదే కొమ్మను 11 గంటలకు తట్టండి. పసుపు వేలితో నులిమినట్టు సన్నని చార పడుతుంది. ఈ రెండు తట్టుళ్ళ మధ్య తేడాయే ఆ పూట వాతావరణం చేసిన పని.

తోట కొట్టేస్తే ఆ సంగతి తప్పకుండా రాసుకోవాలి. సరుగుడు నాలుగైదేళ్ళకే నరికే పంట. పక్క పాతిక ఎకరాలు లారీ ఎక్కితే, పుప్పొడి పట్టే గాజుపలక (మూడో పనిలో వస్తుంది) మీద అంకె సగానికి పడిపోవచ్చు, దానికి వానా కారణం కాదు, గాలీ కాదు.

సరుగుడుతో పాటు గమనించాల్సినవి కొన్ని ఉన్నాయి. ఈత, తాడి చెట్ల మగ గెలలు చలి వెళ్ళే రోజుల్లో విప్పుతాయి. ఆడ పూత, మగ పూత వేర్వేరు చెట్లకు వస్తాయి గనుక పోతుతాడి ఏదో గీత కార్మికుల్ని అడిగితే ఇట్టే చూపిస్తారు. ఉద్దానంలో కొబ్బరి ఏడాది పొడవునా పూస్తుంది, కొద్దికొద్దిగా ఎప్పుడూ పలక మీద ఉంటుంది. ఆకు రాల్చి మోడుగా ఉన్నప్పుడే పూసే నెమలినార చెట్టు ఊరి పక్క ఉంటే దాన్ని వదలొద్దు, దాని పుప్పొడి గాలికే పోతుంది.

రెండో పని: రోజూ అయిదు అంకెలు

వాతావరణ శాఖ వాన లెక్కను పొద్దున 8:30కు కొలుస్తుంది. మీరూ అదే వేళ పెట్టుకోండి, కళింగపట్నం కేంద్రం అంకెలతో పోల్చుకోవడానికి వీలుంటుంది. రాయాల్సినవి: పొడి ఉష్ణోగ్రత, తడి ఉష్ణోగ్రత, గాలి దిక్కు, గాలి బలం, వాన. ఇవే అంకెలు మళ్ళీ 11 గంటలకు, సాయంత్రం 5:30కు.

తేమ కొలవడానికి 50 డిగ్రీల వరకు చూపే రెండు ఒకే రకం థర్మామీటర్లు నీడలో పక్కపక్కన కట్టండి. ఒకదాని బల్బుకు ఉతికి గంజి పోయిన పాత పంచె గుడ్డ చుట్టి, గుడ్డ కొసను డిస్టిల్డ్ నీళ్ళ సీసాలో ముంచాలి. చూసే ముందు రెండు మూడు నిమిషాలు విసనకర్రతో విసరాలి, లేకపోతే తడి బల్బు పూర్తిగా దిగదు. పొడి బల్బు 30 డిగ్రీల దగ్గరున్నప్పుడు రెండింటి తేడా 2 డిగ్రీలైతే గాలిలో తేమ 86 శాతం, తేడా 4 అయితే 73, 6 అయితే 61, 8 అయితే 50, 10 అయితే 39.

తీరంలో ఎక్కువమంది పొరపడేది ఈ గుడ్డ దగ్గరే. సముద్రపు గాలిలోని ఉప్పు గుడ్డకు పడుతుంది. ఉప్పు పట్టిన గుడ్డ సరిగ్గా ఆరదు, తడి బల్బు ఉండాల్సిన దానికన్నా ఎక్కువ చూపిస్తుంది, తేమ ఎక్కువున్నట్టు అబద్ధం వస్తుంది. బారువ, భావనపాడు లాంటి చోట్ల గుడ్డను నాలుగు రోజులకోసారి మార్చాలి. టెక్కలి, రాజాం వైపు వారానికోసారి చాలు.

గాలి దిక్కుకు డాబా మీద వెదురు కర్ర నిలబెట్టి పలచటి రిబ్బను కట్టండి. పిట్టగోడ పక్కన గాలి సుడి తిరుగుతుంది గనుక కర్ర గోడకన్నా కనీసం రెండు మీటర్లు ఎత్తుండాలి. బలానికి గుర్తులు చాలు: ఆకులు గలగలమంటే గంటకు 6 నుంచి 11 కిలోమీటర్లు, ఆకులూ సన్న కొమ్మలూ ఆగకుండా ఊగితే 12 నుంచి 19, దుమ్మూ కాగితాలూ లేస్తే 20 నుంచి 28.

వానకు 15 సెంటీమీటర్ల నోరున్న గరాటు సీసా మీద పెట్టండి. దానిలో పడ్డ 17.7 మిల్లీలీటర్ల నీరు ఒక మిల్లీమీటరు వానతో సమానం. చిన్న జల్లుల్ని ఇంజెక్షన్ సిరంజితో కొలవొచ్చు. ఇక్కడ సగం మిల్లీమీటరు జల్లు కూడా లెక్కే, అది పూతను తడిపిందా లేదా అన్నదే మనకు కావాలి. అలాగే పొద్దున 6:30కు అరటాకు మీద చెయ్యి రాసి, మంచు ఉందో లేదో ఒక గుర్తు వేసుకోండి.

మూడో పని: గాజుపలక

పుప్పొడి పట్టడానికి 1946లో అమెరికాలో డర్హం రూపొందించిన ఉచ్చు ఇప్పటికీ చవకైనది, చేసుకోవడం తేలిక. 23 సెంటీమీటర్ల వ్యాసమున్న రెండు స్టీలు పళ్ళేలు, మధ్య 7.6 సెంటీమీటర్ల సందు ఉండేలా మూడు పొడుగు బోల్టులతో బిగించాలి. కింది పళ్ళెం మధ్యలో రెండున్నర సెంటీమీటర్ల ఎత్తున పలక పడుకోబెట్టే చిన్న క్లిప్పు పెట్టాలి. పై పళ్ళెం వానకూ ఎండకూ గొడుగు. ఇనుప రేకు వద్దు, తీరంలో ఒక్క వానాకాలానికే తుప్పు నుసి పలక మీద రాలుతుంది. ఉచ్చును ఒకంతస్తు డాబా మీద, పిట్టగోడకన్నా మీటరు పైన, ఏ చెట్టుకూ పది మీటర్ల లోపు లేకుండా నిలబెట్టండి. కర్రకు జానెడు మేర గ్రీజు పూయడం మరవకండి, చీమలు ఎక్కితే పలక మీద ఒక్క పుప్పొడి గింజ మిగలదు.

పలక మీద వాజలైను పొర ఎంత పలచగా ఉంటే అంత మంచిది. పలకను కొంచెం వేడి చేసి, బియ్యపు గింజంత వాజలైను వేలితో ఒకే దిక్కుకు రాయాలి. వెలుతురుకు పట్టి చూస్తే ఆవిరి పట్టిన అద్దంలా కనిపించాలి. మందంగా పూస్తే గింజలు లోపలికి దిగిపోతాయి, రంగు పట్టదు. ఏప్రిల్ ఎండల్లో వాజలైను కరిగి ఒక పక్కకు జారుతుంది, అప్పుడు సిలికాన్ గ్రీజుకు మారండి. పలక కొసన తేదీని వజ్రపు మొనతోనో పెన్సిలుతోనో రాయండి. మామూలు మార్కరు రాత ఆల్కహాలు తగిలితే చెరిగిపోతుంది.

రోజూ 8:30కు పలక మార్చాలి. తెచ్చిన పలక మీద పుప్పొడికి రంగు పట్టించే కాల్‌బెర్లా ద్రవం రెండు చుక్కలు వేసి 22 మిల్లీమీటర్ల చదరపు కవర్‌స్లిప్పు (పలచటి గాజు ముక్క) కప్పండి. ద్రవం కలిపే కొలత: గ్లిజరిన్ 5 మిల్లీలీటర్లు, 95 శాతం ఆల్కహాలు 10, డిస్టిల్డ్ నీరు 15, బేసిక్ ఫుక్సిన్ చిక్కటి ద్రావణం రెండు చుక్కలు. పది నిమిషాల్లో పుప్పొడికి గులాబీ రంగు పడుతుంది. దుమ్ముకూ ఊకకూ ఆ రంగు రాదు. తీరంలో పలక మీద మెరిసే చిన్న చిన్న చదరాలు కనిపిస్తే కంగారు పడొద్దు, అది ఉప్పు. ద్రవంలోని నీటికి కరిగిపోతుంది, కరగకపోతే ఇంకో చుక్క వేయండి.

మైక్రోస్కోపుకు పది రెట్ల ఆబ్జెక్టివ్ (పలక వైపు ఉండే కటకం) పెట్టి కవర్‌స్లిప్పు మొత్తం, వరి కోసినట్టు వరస వెంట వరస చూస్తూ లెక్కపెట్టాలి. అనుమానం వచ్చిన గింజను నలభై రెట్ల ఆబ్జెక్టివ్‌తో తేల్చుకోవాలి. వచ్చిన మొత్తాన్ని 4.84తో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు ఎన్నో వస్తుంది. సరుగుడు గింజ ఇంచుమించు 25 నుంచి 35 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), గుండ్రానికీ త్రికోణానికీ మధ్యగా ఉండి మూడు మూలల్లో మూడు రంధ్రాలుంటాయి, వాటి అంచులు పెదవుల్లా కొంచెం లేచి ఉంటాయి. నీలగిరిది అంతకన్నా చిన్నది, పక్కా త్రికోణం. గడ్డి గింజకు ఒకే రంధ్రం, చుట్టూ ఉంగరం. కొబ్బరిది పెద్దది, పడవలా ఉండి పొడవునా ఒక గాడి. తాటిదీ పెద్దదే, ఒంటినిండా బొడిపెలు. ఆస్ట్రేలియా తుమ్మది పదహారు గింజలు కలిసి బంతిలా వస్తుంది, దాన్ని ఒకటిగానే లెక్కపెట్టండి. ఈ వర్ణనలు చదివి గుర్తుపట్టడం మాత్రం కుదరదు. ముందు ప్రతి చెట్టు పూత నుంచి పుప్పొడి తెచ్చి, పేరు రాసిన నమూనా పలక ఒక్కోటి చేసి పెట్టుకోవాలి. ఈ పని దాటేసినవాళ్ళు నెల తర్వాత మొదటికి వస్తారు.

ఈ ఉచ్చు హద్దు తెలుసుకుని వాడాలి. ఘనపు మీటరు గాలిలో ఎన్ని గింజలో ఇది చెప్పదు. దానికి 1952లో హర్స్ట్ చేసిన రకం యంత్రం కావాలి. అది నిమిషానికి పది లీటర్ల గాలి పీల్చి, గంటకు 2 మిల్లీమీటర్లు జరిగే జిగురు టేపు మీద గంటల వారీగా లెక్క ఇస్తుంది. మన పలక ఇచ్చేది నిన్నటికీ ఇవాళ్టికీ పోలిక మాత్రమే, అదీ ఒకే చోట, ఒకే ఎత్తులో. 20 గింజలు వచ్చిన మరుసటి రోజు 26 వస్తే అది మార్పు కాదు, లెక్కలోని సహజమైన ఊగిసలాట. 20 కాస్తా 80 అయితే కారణం వెతకండి.

తిత్తి ఎప్పుడు విప్పుతుంది

తిత్తిని తెరిచేది గాలి కాదు, ఆరడం. తిత్తి గోడ లోపలి పొర తడి పోయేకొద్దీ వెలుపలికి వంగుతుంది, ఆ లాగుడుకు నిలువు చీలిక తెరుచుకుంటుంది. గాలి ఆ తర్వాత వచ్చి లోపలున్నది దులుపుతుంది. అందుకే చూడాల్సింది పొద్దున తేమ ఎంత తొందరగా పడిపోతోందన్నది.

ఫిబ్రవరి మంచు పొద్దుల్లో తీరం పక్క 7 గంటలకు రెండు థర్మామీటర్ల తేడా ఒక డిగ్రీ కూడా ఉండకపోవచ్చు. ఎండ ఎక్కి మంచు విడిపోయాక తేడా 4 డిగ్రీలు దాటే వేళకు నల్ల కాగితం మీద పసుపు పడటం మొదలవుతుంది. ఇది పనికొచ్చే గీటురాయి, శాసనం కాదు. మీ చెట్లకు ఆ గీత 3 దగ్గరో 5 దగ్గరో ఉండొచ్చు. వారం రోజులు గంటగంటకూ కొమ్మ తట్టి, థర్మామీటర్లు చూసి మీ గీతను మీరే తేల్చుకోండి.

తీరానికీ లోపలికీ ఇక్కడే తేడా వస్తుంది. రాజాం, బొబ్బిలి వైపు పొద్దున 9కి ఆరడం మొదలైతే సాయంత్రం వరకు ఆరుతూనే ఉంటుంది. సముద్రం పక్క అలా కాదు. పదకొండు ప్రాంతంలో సముద్రపు గాలి తిరిగి తేమను మళ్ళీ పెంచుతుంది, ఇంకా విప్పని తిత్తులు ఆగిపోతాయి. అక్కడ విడుదలకు దొరికేది రెండు మూడు గంటలే. మబ్బు పట్టిన రోజున ఆ కాస్తా కూడా దొరకదు. దొరకని రోజు సరుకు పోదు, మరుసటి రోజుకు నిలవ పడుతుంది. రెండు రోజుల మబ్బు తర్వాత వచ్చే మొదటి ఎండ పొద్దునే పలక మీద పెద్ద అంకె వేస్తుంది. సూత్రాలన్నిటిలో ఎక్కువ అక్కరకొచ్చేది ఇదే.

పడమటి వడగాలి రోజులు దీనికి పూర్తిగా వ్యతిరేకం. రాత్రంతా పొడిగానే ఉంటుంది గనుక తిత్తులు తెల్లారేసరికే విప్పుకుంటాయి, 8 గంటలకల్లా చెట్టు ఖాళీ. ఆ రోజు 11 గంటల తట్టుడులో ఏమీ రాలకపోతే పూత లేదనుకోకండి, మీరు వెళ్ళేసరికే పోయింది. వడగాలి వరసగా నాలుగు రోజులు వీస్తే పూతకాలమే తొందరగా ముగుస్తుంది.

ఎటు పోతుంది

ఒక లెక్క చేద్దాం. సరుగుడు గింజ నిశ్చలమైన గాలిలో సెకనుకు దాదాపు 3 సెంటీమీటర్లు దిగుతుంది. పది మీటర్ల ఎత్తు నుంచి నేల చేరడానికి అయిదున్నర నిమిషాలు. గాలి గంటకు 10 కిలోమీటర్ల వేగంతో ఉంటే ఈలోగా అది 900 మీటర్లకు పైగా పోతుంది. కొబ్బరి గింజ దీనికి రెట్టింపు వెడల్పు. వెడల్పు రెట్టింపైతే దిగే వేగం నాలుగు రెట్లు, కాబట్టి పావు దూరమే. అయితే ఇది పడుకున్న గాలి లెక్క. ఎండకు నేల కాగి గాలి పైకి ఎగబాకుతుంటే సెకనుకు మీటరు చొప్పున లేచే గాలి ముందు ఆ మూడు సెంటీమీటర్లు ఏపాటి? గింజ వందల మీటర్లు పైకి పోతుంది, పదుల కిలోమీటర్లు దాటుతుంది. 19వ శతాబ్దంలోనే ఇంగ్లండులో ఛార్లెస్ బ్లాక్లీ గాలిపటాలకు జిగురు పలకలు కట్టి ఎగరేసి, పైన కూడా పుప్పొడి ఉందని చూపించాడు.

దిక్కు విషయంలో మన తీరం వాలు గుర్తుంచుకోండి. అది నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. వేసవిలో ఎక్కువగా వీచే నైరుతి గాలి తీరం వెంబడే పోతుంది, భావనపాడు తోటల పుప్పొడి బారువ వైపు నడుస్తుంది. దసరా తర్వాత తిరిగే ఈశాన్యపు గాలి దాన్నే వెనక్కి, సోంపేట నుంచి కళింగపట్నం వైపు తెస్తుంది. ఆగ్నేయం నుంచి వచ్చే మధ్యాహ్నపు సముద్రపు గాలి మాత్రం నేరుగా లోపలికి, పలాస, టెక్కలి వైపు తోస్తుంది. రాత్రిపూట నేల గాలి సముద్రం మీదికి నెడుతుంది.

ఈ మార్పుల మధ్య ఒక గంట మీద ప్రత్యేకంగా కన్నేయాలి. నేల గాలి ఆగి, సముద్రపు గాలి ఇంకా తిరగని వేళ అది, సాధారణంగా 9, 11 మధ్య. రిబ్బను వేలాడిపోతుంది. సరిగ్గా అప్పుడే తిత్తులు విప్పుకుంటున్నాయి. విడిపడ్డ పుప్పొడి తోటలోనే గుమిగూడుతుంది. తర్వాత సముద్రపు గాలి ఒక్కసారి తిరిగినప్పుడు దాన్నంతా ఊడ్చుకుని లోపలికి తెస్తుంది. గంటకు 15 కిలోమీటర్ల గాలైతే పది కిలోమీటర్ల దూరంలోని ఊరికి 40 నిమిషాల్లో చేరుతుంది. తోట పక్క ఊరికి 10 గంటలు చెడ్డ వేళ, లోపలి ఊరికి మధ్యాహ్నం.

మధ్యాహ్నం పైకి లేచి పలచబడ్డది సాయంత్రం నేల చల్లబడగానే దిగుతుంది. చలికాలం సాయంత్రం సాలూరు, బొబ్బిలి వైపు వంట పొగ పైకి లేవకుండా ఊరి మీద దుప్పటిలా పరుచుకుంటే, పుప్పొడీ ఆ దుప్పటి కిందే ఉందని అర్థం. పొద్దున తోట దగ్గర ఏ ఇబ్బందీ లేనివాళ్ళు రాత్రి 8కి తుమ్మడం ఇందువల్లే.

ఇంకో చిక్కు. పలాసలో జీడిపిక్కలు కాల్చే పొగ, రైసుమిల్లుల ఊక దుమ్ము కూడా ముక్కునూ గొంతునూ మండిస్తాయి. పలక మీద గులాబీ గింజలు లేకుండా తుమ్ములున్న రోజుల్ని విడిగా రాసుకోండి, వాటి కారణం చెట్టు కాదు.

వాన వస్తే

నిదానంగా గంటసేపు పడే జల్లు గాలిని బాగా కడుగుతుంది. పావుగంట దంచి పోయే వాన అంతగా కడగదు, పైగా ముందూ వెనకా చేసే పని ప్రమాదకరం. చైత్ర వైశాఖాల్లో ఒడిశా కొండల మీద మబ్బు కట్టి సాయంత్రానికి తీరం వైపు దిగే గాలివానలు ఈ రకం. వాన కన్నా ముందు చల్లటి ఈదురుగాలి వస్తుంది. ఆ గాలి పగలంతా ఆకుల మీదా నేల మీదా పడి ఉన్న పుప్పొడిని దుమ్ముతో సహా లేపుతుంది. తొలి చినుకులు తగిలిన గింజలు కొన్ని నీరు పీల్చి ఉబ్బి పగులుతాయి. లోపలి రేణువులు మైక్రానుకు అటూ ఇటూ ఉండేంత చిన్నవి. పెద్ద గింజ ముక్కులోనే ఆగిపోతుంది, ఈ ముక్కలు ఊపిరితిత్తుల లోపలిదాకా పోతాయి. 2016 నవంబరు 21న ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఇలాంటి గాలివాన తర్వాత వేలమంది ఉబ్బసంతో ఆసుపత్రులకు పరుగెత్తారు, పదిమంది చనిపోయారు. అక్కడి కారణం రై గడ్డి పుప్పొడి, చెట్లది కాదు. అయినా ఉబ్బసం ఉన్నవాళ్ళు గడ్డి పూసే రోజుల్లో కూడా గాలివానను అదే జాగ్రత్తతో చూడాలి.

ముసురు పట్టిన వానాకాలంలో చెట్ల పుప్పొడి బాగా తగ్గుతుంది, కానీ పలక ఖాళీగా ఉండదు. బూజు బీజాలు కమ్ముకుంటాయి, తర్వాత గడ్డి పుప్పొడి వస్తుంది. బూజు బీజాలు చాలావరకు గోధుమ, నలుపు రంగుల్లో ఉంటాయి, గులాబీ అంతగా పట్టదు. వాటిని పుప్పొడి గడిలో రాయకండి.

అక్టోబరు తుఫానులది వేరే లెక్క. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస, వజ్రపుకొత్తూరు వైపు తీరం దాటింది, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర దాటింది. రెండూ సరుగుడు రెండో పూత రోజులే. తుఫాను కొమ్మల్ని విరిచి, పూతను రాల్చి, మిగిలినదాన్ని ఉప్పు గాలితో మాడ్చేస్తే ఆ కారు పుప్పొడి ఉండదు. కొబ్బరి తోటలు పడిపోయిన చోట పలక మీద పడవ గింజలు ఏళ్ళ తరబడి తగ్గుతాయి. తుఫాను తర్వాత పది చెట్లనూ మళ్ళీ ఎంచుకుని, పుస్తకంలో కొత్త పేజీ మొదలుపెట్టండి. పాత సంవత్సరాలతో పోల్చవద్దు.

పొద్దున 7 గంటల లెక్క

ఒక పూతకాలం రాశాక రోజూ పలక కోసం ఆగనక్కర్లేదు. వరసగా ఇలా అడగండి. పదిలో ఎన్ని చెట్లు సిద్ధం? మూడు లోపైతే ఇక అడగొద్దు. నిన్న విడుదలకు వీలైందా, లేక మబ్బుకో వానకో నిలవ పడిందా? ఇవాళ మంచు ఎప్పుడు విడుతుంది, తేడా 4 డిగ్రీలకు ఏ వేళకు చేరుతుంది? ఆ వేళ రిబ్బను చూస్తే గాలి ఎటు నుంచి వస్తుంది, తోట మీకు ఆ దిక్కునే ఉందా? సాయంత్రం వాయవ్యంలో మబ్బు కట్టే సూచన ఉందా?

ఉదాహరణకు, పదిలో ఏడు సిద్ధం, నిన్నంతా మబ్బు, ఇవాళ ఆరున్నరకే నిర్మలంగా ఎండ. మీ ఊరు తోటకు వాయవ్యంగా ఆరు కిలోమీటర్లు. అంటే పదిన్నర, పదకొండుకు విడుదల, సముద్రపు గాలి తిరిగాక అరగంటలో మీ దగ్గర. ఆ రోజు నడక పొద్దున 8 లోపు ముగించండి. ఉతికిన బట్టలు, ముఖ్యంగా దుప్పట్లు, తలగడ గుడ్డలు పదకొండు లోపు డాబా మీంచి తీసేయండి, లేదా ఇంట్లో ఆరేయండి. సముద్రం వైపు కిటికీలు మధ్యాహ్నం మూసి, రాత్రి నేల గాలి తిరిగాక తెరవండి. తోటలో పని చేసేవాళ్ళు ఇంటికి రాగానే తలస్నానం చేస్తే రాత్రి తలగడ మీదికి పుప్పొడి చేరదు. డాక్టరు రోజూ పీల్చమన్న ఇన్‌హేలరును బాగున్న రోజున మానేయడం చాలామంది చేసే పొరపాటు. పూతకాలం ముగిసేదాకా మానకూడదు, అవసరానికి వాడేది వేరుగా జేబులో ఉండాలి.

గాలివాన రోజున మాత్రం వానొచ్చాక లోపలికి పోదామనుకోవద్దు. వాయవ్యం నల్లబడి, వేడిగాలి ఆగి, చల్లటి గాలి మొదటిసారి ముఖానికి తగిలిందంటే ఉబ్బసం ఉన్న పిల్లలూ పెద్దలూ అప్పటికే ఇంట్లో ఉండాలి, కిటికీలు మూసి ఉండాలి. వాన వెలిశాక మట్టి వాసనకు వెంటనే బయటికి రాకుండా మరో అరగంట లోపలే ఉండండి. ఆ రాత్రి పిల్లికూతలు ఇన్‌హేలరుకు తగ్గకపోతే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.